కోడిపిల్ల ఈకలు ఎందుకు రాలుస్తుంది?

రెండు నెలల కోడిపిల్లను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? మొన్నటిదాకా నున్నగా, నిండుగా ఉన్న పిల్ల మెడ మీద ఉన్నట్టుండి ఈకలు పలచబడతాయి. వీపు మీద అక్కడక్కడ గులాబీ రంగు చర్మం బయటపడుతుంది. పొద్దున్నే గూడు ఊడిస్తే గుప్పెడు ఈకలు వస్తాయి. ఇంట్లో అందరికీ ఒకటే అనుమానం: దీనికి తెగులు తగిలిందా?

కోల్‌కతా రేవును ఆనుకుని ఉన్న ఖిదిర్‌పూర్ వంటి చోట ఇది చిన్న అనుమానం కాదు. 1892లో ఇక్కడ డాక్ తెరిచాక పనికోసం ఎన్నో ప్రాంతాలవారు వచ్చి స్థిరపడ్డారు. రేవులోనూ, పక్కనే గార్డెన్‌రీచ్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న రైల్వేలోనూ పనిచేసిన తెలుగువారు కూడా వారిలో ఉన్నారు. ఇటువంటి ఇరుకు వాడలో పెరడంటే ఇంటి వెనక నాలుగడుగుల సందు, లేదంటే మేడ మీద ఓ మూల. అక్కడ పెంచగలిగేది నాలుగైదు కోళ్ళే. అయిదు నెలలు మేత పెట్టి పెంచిన పెట్ట ఈకలు రాలుస్తోందని భయపడి దాన్ని వచ్చినకాడికి అమ్మేస్తే, లేక కోసేస్తే, అది గుడ్లకు వచ్చే సమయానికే చేజారిపోతుంది. పోనీ ఉంచుకుని ఏదో ఒక మందు తాగిస్తే, లేని రోగానికి మందు పోసినట్టవుతుంది.

కాబట్టి ఈక రాలడం ఎప్పుడు ఎదుగుదల, ఎప్పుడు జబ్బు అన్నది తెలుసుకోవడం అవసరం. దీనికి ఒక తేలికైన సూత్రం ఉంది. నేల మీద రాలిన ఈకను కాదు, ఈక రాలిన చోటును చూడాలి. ఎందుకో తెలియాలంటే ముందు ఈక ఎలా పుడుతుందో చూద్దాం.

కొత్తది తోస్తే పాతది రాలుతుంది

మన వెంట్రుకలాగే ఈక కూడా చర్మంలోని ఒక చిన్న గుంట నుంచి పుడుతుంది. దీన్ని ఈక కుదురు అందాం. కుదురు అడుగున ప్రాణమున్న కణాలతో ఒక బుడిపె ఉంటుంది. ఇక్కడి కణాలు వేగంగా విభజన చెందుతూ పైకి జరుగుతాయి. జరుగుతూ జరుగుతూ కెరటిన్ అనే గట్టి ప్రోటీనుతో నిండి, చివరికి చనిపోతాయి. మన గోళ్ళలో ఉండేదీ కెరటిన్ జాతి ప్రోటీనే. అంటే పూర్తిగా పెరిగిన ఈక ప్రాణం లేని వస్తువు. అది చిరిగితే అతుక్కోదు, అరిగితే పెరగదు. దాన్ని బాగుచేసుకునే దారి ఒక్కటే, పాతది వదిలి కొత్తది మొలిపించుకోవడం. దీనినే నిర్మోచనం అంటారు. పాము కుబుసం విడవడమూ, పీత పెంకు మార్చడమూ ఈ కోవలోనివే.

ఇక్కడ మనం సాధారణంగా తలకిందులుగా ఊహించుకునే విషయం ఒకటుంది. ముందు పాత ఈక రాలి, ఖాళీ అయిన చోట తర్వాత కొత్తది మొలుస్తుందని అనుకుంటాం. నిజానికి కుదురు అడుగున కొత్త ఈక ముందే పని మొదలుపెడుతుంది. అది పెరుగుతూ పాత ఈక కాడను పైకి నెడుతుంది. పాలపన్ను కింద కొత్త పన్ను లేచినట్టే. ఈ విషయానికి సాక్ష్యం కోడిపిల్ల ఒంటి మీదే దొరుకుతుంది. పది పదిహేను రోజుల పిల్లను పట్టుకుని చూడండి. కొత్తగా వస్తున్న ఈకల కొసలకు పుట్టినప్పటి నూగు చిన్న కుచ్చులా అంటుకుని కనిపిస్తుంది. కొత్త ఈక నూగును తన తల మీద మోసుకుంటూ బయటికి వచ్చిందన్నమాట. కొద్దిరోజులకు ఆ కుచ్చు అరిగి ఊడిపోతుంది.

మొలకెత్తే ఈక మొదట విచ్చుకుని ఉండదు. సన్నని తొడుగులో చుట్టుకుని ముల్లులా ఉంటుంది. ఆ దశలో దాని కాడలో రక్తం ప్రవహిస్తూ ఉంటుంది. అందుకే మొలక ఈక మొదలు నీలంగా, మెత్తగా కనిపిస్తుంది. విరిగితే రక్తం కారుతుంది. పెరుగుదల పూర్తికాగానే రక్తనాళాలు వెనక్కి తగ్గుతాయి, కాడ బోలుగా మిగులుతుంది. పైనున్న తొడుగు పొలుసులుగా రాలిపోతుంది. కోడి ముక్కుతో ఒళ్ళంతా సవరించుకునేటప్పుడు చుండ్రులాంటి తెల్లని పొడి రాలడం మీరు గమనించే ఉంటారు. అది చాలావరకు ఈ తొడుగే.

గుడ్లకు వచ్చేలోగా నాలుగు విడతలు

పెద్దకోడి ఏడాదికి ఒకసారి ఈకలు మార్చుకుంటుందని చాలామందికి తెలుసు. కాని పిల్ల పెరిగి గుడ్లు పెట్టే వయసుకు వచ్చేలోగా ఒకసారి పూర్తిగా, మరి మూడుసార్లు కొంతకొంతగా ఈకలు మారుస్తుందన్న సంగతి అంతగా తెలియదు.

మొదటి విడత మొదటి వారంలోనే ఆరంభమై సుమారు ఆరో వారం దాకా సాగుతుంది. ఒంటినిండా ఉన్న నూగు పోయి అసలైన ఈకలు వస్తాయి. రెక్కల ఈకలు అందరికంటే ముందు. ఆ తర్వాత భుజాలు, రొమ్ము, తోక, వీపు. తల మీది నూగు చివరిదాకా ఉంటుంది. అందుకే నెల పిల్లలు ఒంటికి పెద్దకోళ్ళలాగా, తలకు పసిపిల్లల్లాగా వింతగా కనబడతాయి.

రెండో విడత 7 నుంచి 9 వారాల మధ్య. మూడోది 12 నుంచి 16 వారాల మధ్య. నాలుగోది 20 నుంచి 22 వారాల మధ్య వస్తుంది. తోకలోని బిరుసైన ఈకలు పూర్తిగా ఏర్పడేది ఈ చివరి విడతలోనే. పెట్ట గుడ్లకు వచ్చే వయసు కూడా సరిగ్గా ఇదే. తెగులని భయపడి ఇంట్లోవాళ్ళు పెట్టను వదిలించుకునే ప్రమాదం ఎక్కువగా ఉండేది అప్పుడే.

ఈ వారాల లెక్క క్యాలెండరులోని తిథుల్లా కచ్చితం కాదు. ఒకే పెరట్లో నాటుకోడి పిల్లలూ, రోడ్ ఐలాండ్ రెడ్ పిల్లలూ, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి రకాలూ కలిసి తిరుగుతుంటే అన్నిటికీ ఒకేసారి ఈకలు రావు. బరువైన జాతుల్లో ఈకలు ఆలస్యం. ఆ జాతుల్లోనూ పుంజు పిల్లలకు పెట్ట పిల్లలకంటే ఆలస్యం. నాలుగు వారాల పుంజు పిల్ల వీపు బోసిగా ఉండి, దాని తోడబుట్టిన పెట్ట పిల్ల నిండుగా ఉందంటే అందులో వింతేమీ లేదు.

ఈకలు నెమ్మదిగా రావడానికి కారణమయ్యే ఒక జన్యువు కోళ్ళ లింగ క్రోమోజోము మీద ఉంది. దాని ఆధారంగా తగిన జాతుల్ని జతకట్టిస్తే, ఒక్కరోజు పిల్లల రెక్కలు విప్పి చూసి ఏది పెట్టో ఏది పుంజో చెప్పవచ్చు. చాలా హేచరీల్లో చేసేది ఇదే.

మెడ మీద ఈకలు అసలే లేకుండా పుట్టే కోళ్ళు కూడా ఉన్నాయి. బెంగాల్ ప్రాంతంలో ఇవి బాగా తెలిసినవే. వీటిది జబ్బు కాదు, వంశపారంపర్య లక్షణం. ఒక జన్యువులో వచ్చిన మార్పు వల్ల మెడ చర్మంలో ఈక కుదుళ్ళే ఏర్పడవు. ఈ మార్పు ఏమిటో 2011లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఒంటి మీద ఈకలు తక్కువ కాబట్టి ఈ కోళ్ళు ఉక్కపోతను బాగా తట్టుకుంటాయి.

ఈకకు ఎంత ఖర్చవుతుంది?

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒకటిన్నర కిలోల పెట్ట ఒంటి బరువులో ఈకలు 6 శాతం అనుకుందాం. అంటే 90 గ్రాములు. ఈకలో దాదాపు పదింట తొమ్మిది వంతులు ప్రోటీనే. అది సుమారు 80 గ్రాములు. ఒక గుడ్డులో ఉండే ప్రోటీను దాదాపు 6 గ్రాములు. అంటే ఒంటినిండా ఈకలు కప్పుకోవడానికి కోడి వెచ్చించేది 13 గుడ్లకు సరిపడే ప్రోటీను!

పైగా ఏ ప్రోటీనయినా సరిపోదు. కెరటిన్‌కు గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు, అంటే సిస్టీన్, మెథియోనిన్, ఎక్కువగా కావాలి. మిగిలిన అన్నం, నూకలు కడుపు నింపుతాయి కాని వాటిలో ఉండే ప్రోటీను ఏడెనిమిది శాతమే. ఎదిగే వయసు పిల్లకు మేతలో 16 నుంచి 20 శాతం ప్రోటీను ఉండాలి. వట్టి నూకల మీద పెరిగిన పిల్లకు ఈకలు ఆలస్యంగా వస్తాయి, వచ్చినవి బిరుసుగా, చింపిరిగా ఉంటాయి. ఒంట్లో లోటును పూడ్చుకోవడానికి అది పక్క పిల్లల ఈకలు పీకి తినడం కూడా మొదలుపెట్టవచ్చు.

ఇందుకు ఖరీదైన టానిక్కులు అక్కర్లేదు. నూకలు, తవుడుతో పాటు ఉడికించిన చేపల తల, పేగు, లేదా ఉప్పు వేయకుండా ఎండబెట్టిన చిన్న చేపల పొడి కలిపితే చాలు. చేపలకు కొరతలేని ఖిదిర్‌పూర్‌లో ఇది తేలిక. ఉప్పు చేప మాత్రం పెట్టకూడదు, ఎక్కువ ఉప్పు కోళ్ళకు విషంతో సమానం. వేరుశనగ చెక్క కూడా మంచిదే. అయితే బూజు పట్టిన చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది కాబట్టి వానాకాలంలో జాగ్రత్త.

ఈకలు మారే సమయంలో ఇంకో ఖర్చు వెచ్చదనం. కోడి ఒంటి ఉష్ణోగ్రత 41 డిగ్రీలకు పైనే ఉంటుంది. మొదటి వారంలో పిల్లకు చుట్టూ 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. ఆ తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గిస్తూ పోవచ్చు. నూగు పొడిగా ఉన్నంతసేపే వెచ్చదనాన్ని నిలుపుతుంది, తడిస్తే పనికిరాదు. జనవరి రాత్రుల్లో కోల్‌కతాలో ఉష్ణోగ్రత 13, 14 డిగ్రీలకు దిగుతుంది. వానాకాలంలో ఈ వాడల్లో నీళ్ళు నిలుస్తాయి. ఈకలు రాలినందువల్ల ఏ పిల్లా చావదు. రాలిన రోజుల్లో తడిసి, చలికి ముడుచుకుపోయి చచ్చే పిల్లలు మాత్రం ఉంటాయి. గూడు నేలకు ఎత్తుగా, పొడిగా ఉండాలనేది అందుకే.

పిల్లకు వయసు, పెద్దకోడికి పగలు

పిల్లలో ఈకలు మారడాన్ని నడిపేది ప్రధానంగా వయసు. ఏ నెలలో పుట్టినా విడతలు వరుసగా వస్తాయి. పెద్దకోడి సంగతి వేరు. దానికి గడియారం పగటి పొడవు. కోల్‌కతాలో జూన్ నెలలో పగలు పదమూడున్నర గంటలు, డిసెంబరులో పదకొండు గంటలకు లోపు. కోడి మెదడులో కంటితో పని లేకుండా, పుర్రె గుండా దిగే వెలుతురును నేరుగా పసిగట్టే కణాలున్నాయి. పగలు తగ్గుతున్నదని అవి తెలియజేయగానే హార్మోన్ల తీరు మారుతుంది. గుడ్లు తగ్గుతాయి, థైరాయిడ్ గ్రంథి ప్రభావంతో ఈకలు మారడం మొదలవుతుంది. తల, మెడ, రొమ్ము, ఒళ్ళు, రెక్కలు, తోక: సాధారణంగా ఇదీ వరుస. పెట్టకు సుమారు ఏడాదిన్నర వయసులో మొదటిసారి ఇలా పూర్తిగా ఈకలు మారతాయి. రెండు మూడు నెలల్లో ముగించే పెట్ట మంచి గుడ్ల పెట్ట. నాలుగైదు నెలలు సాగదీసేది అంత మంచిది కాదు.

ఈ అలవాటు కోడికి అడవి నుంచి వచ్చింది. ఎర్ర అడవికోడి పుంజు జతకట్టే కాలం ముగియగానే మెడ మీది పొడవాటి బంగారు రంగు ఈకల్ని, తోకలోని కొడవలి ఈకల్ని రాల్చేస్తుంది. కొంతకాలం మెడ మీద పొట్టి నల్లని ఈకలతో ఎవరికంటా పడకుండా తిరుగుతుంది. మన పెంపుడు కోళ్ళన్నిటికీ ప్రధాన పూర్వీకుడు ఈ ఎర్ర అడవికోడే అన్న అభిప్రాయానికి బలం చేకూర్చినవారిలో ఒకరు కలకత్తాలోనే పనిచేశారు. ఆయన పేరు ఎడ్వర్డ్ బ్లైత్. 1841 నుంచి 1862 వరకు ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం సంరక్షకుడిగా ఉన్నారు. ఆయన ఉత్తరాల ద్వారా పంపిన సమాచారాన్ని చార్లెస్ డార్విన్ 1868లో ప్రచురించిన పెంపుడు జంతువుల గ్రంథంలో వాడుకున్నారు.

ఎప్పుడు జాగ్రత్త పడాలి?

ఇప్పుడు మన సూత్రానికి వద్దాం. ఈకలు రాలిన పిల్లను పట్టుకుని, బోసిపోయిన చోట ఈకలను ఎదురు దువ్వి వెలుతురులో చూడండి. అయితే ఒక మాట గుర్తుంచుకోండి. కోడికి ఈకలు ఒళ్ళంతా సమంగా మొలవవు, పొలంలో సాళ్ళలాగా బారులుగా మొలుస్తాయి. బారుల మధ్య, రెక్కల కింద చర్మం ఎప్పుడూ బోసిగానే ఉంటుంది. అది లోపం కాదు.

1. బోసి చోట ముళ్ళలా మొలక ఈకలు వస్తున్నాయి, కుడి ఎడమలు రెండూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి, పిల్ల చురుకుగా మేస్తోంది. ఇది ఎదుగుదల. ప్రోటీను మేత, పొడి గూడు తప్ప ఏమీ అక్కర్లేదు. మొలకలు నొప్పిగా ఉంటాయి కాబట్టి పిల్లను మాటిమాటికీ పట్టుకోకండి.

2. కాడలు సగానికి విరిగి ఉన్నాయి, రక్తపు మరకలున్నాయి, ముఖ్యంగా తోక మొదట్లో. ఇది తోటి కోళ్ళు పొడవడం. ఇరుకు, వేడి, మేత లోటు కారణాలు. గాయపడిన పిల్లను వెంటనే వేరుచేయాలి. ఎర్రని మచ్చ కనబడితే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి. కోడికి కనీసం రెండు చదరపు అడుగుల చోటు, పొడుచుకోవడానికి వేలాడదీసిన ఆకుకూర కట్ట ఎంతో మేలు చేస్తాయి.

3. ఈకల మొదళ్ళలో, ముఖ్యంగా మలద్వారం చుట్టూ, తెల్లని గుడ్ల గుత్తులు, పరుగెత్తే పసుపు రంగు పురుగులు ఉన్నాయి. ఇవి కోడిపేలు. అవి మనుషుల మీద బతకవు. పగలు ఏమీ కనబడక, పిల్లలు రాత్రి నిద్రపోక, తురాయి పాలిపోతుంటే చీకటి పడ్డాక టార్చితో గూటి పగుళ్ళు చూడండి. పగలు దాక్కుని రాత్రి రక్తం పీల్చే ఎర్రని సూక్ష్మ నల్లులు దొరకవచ్చు. పొడి మట్టి, బూడిద కలిపిన గుంటలో కోళ్ళను పొర్లాడనివ్వడం పేలను అదుపులో ఉంచుతుంది. మందు అవసరమైతే పశువైద్యుడే చెప్పాలి. ఇంట్లో దోమలకు కొట్టే మందు కోడి మీద కొట్టకూడదు.

4. పిల్ల ముడుచుకుని కూర్చుంటోంది, మేత మానేసింది, మెడ వంకర పోతోంది, ఆకుపచ్చగా పారుతోంది. ఇవి కొక్కెర తెగులు వంటి జబ్బుల గుర్తులు. ఈక రాలినా రాలకపోయినా వెంటనే పశువైద్యశాలకు వెళ్ళాలి. ఈ తెగులుకు టీకా ఉంది. ముందుగా వేయించడమే రక్షణ.

2008 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో బర్డ్ ఫ్లూ వ్యాపించి పెద్ద ఎత్తున కోళ్ళను చంపవలసి వచ్చింది. ఆ భయంతో కూడా ఈకలు రాల్చే పిల్లను అనుమానించేవారుంటారు. బర్డ్ ఫ్లూ గుర్తులు వేరు: ఒకేసారి అనేక కోళ్ళు హఠాత్తుగా చావడం, తల వాయడం, తురాయి నీలంగా మారడం. అలా జరిగితే చచ్చిన కోళ్ళను తాకకుండా అధికారులకు తెలియజేయాలి. ఈకలు రాలడం ఒక్కటే ఆ జబ్బుకు గుర్తు కాదు.

ఇక దుకాణంలో అడిగి తెచ్చిన యాంటీబయోటిక్ సంగతి. ఈకలు మార్చుకునే పిల్లకు దానివల్ల ఏ ప్రయోజనమూ లేదు. పిల్ల పేగుల్లోని బాక్టీరియాలో ఆ మందుకు లొంగనివి మిగిలి పెరుగుతాయి. అవి మనదాకా వస్తే, మనకు జబ్బు చేసినప్పుడు మందు పనిచేయదు. మనుషులకు చివరి ఆధారంగా దాచుకున్న కొలిస్టిన్‌ను ఆహారానికి పెంచే జీవులకు వాడకుండా భారత ప్రభుత్వం 2019లో నిషేధించింది ఇందుకోసమే.

మీరే పరీక్షించి చూడండి

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో కోడిపిల్లలుంటే ఒక నోటుపుస్తకం తీసుకోండి. పిల్ల పుట్టిన తేదీ రాసి, వారానికి ఒకసారి రెక్క, వీపు, తోక, తల ఎలా ఉన్నాయో నమోదు చేయండి. రాలిన ఈకలను తేదీవారీగా కాగితానికి అంటించండి. భూతద్దం కింద ఈనెకు రెండుపక్కలా ఉన్న పాయలను వేళ్ళతో విడదీసి మళ్ళీ దువ్వండి. విడిపోయిన పాయలు తిరిగి అతుక్కుంటాయి. కంటికి కనబడనంత చిన్న కొక్కేలు వాటిని పట్టి ఉంచుతాయి. దానంతటది రాలిన ఈక కాడ కొస నునుపుగా, శుభ్రంగా ఉంటుంది. పీకిన ఈక కాడకు రక్తమో చర్మమో అంటి ఉంటుంది. విరిగినదానికి కొసే ఉండదు. కోళ్ళను, ఈకలను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడం మరచిపోకండి.

ఇరవై రెండు వారాలు గడిచేసరికి మీ పుస్తకంలో నాలుగు విడతలూ కనబడాలి. ఒకవేళ మీ పెట్ట విడతలకు మీరు రాసుకున్న తేదీలు ఇక్కడిచ్చిన వారాలతో సరిపోకపోతే, దాని జాతినీ, మేతనూ, ఆ నెలల వాతావరణాన్నీ పక్కన రాసి పోల్చి చూడండి. ఆలస్యానికి కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది. పుస్తకం చివరి పేజీలో, నాలుగో విడత పక్కనే, మొదటి గుడ్డు పెట్టిన తేదీ రాసుకోవడానికి కొంచెం చోటు వదలండి.